ఇంటి ఛార్జర్ రాయితీలు: డబ్బు పెట్టెకు, ఖర్చు తీగకు

విద్యుత్ కారు కొన్నవారు ఆ వెంటనే ఎదుర్కొనే పెద్ద ఖర్చు ఇంట్లో ఛార్జర్ పెట్టించుకోవడం. అందులో కొంత తాము భరిస్తామని ప్రభుత్వాలు, విద్యుత్ సంస్థలు ప్రకటించే రాయితీలను ఇక్కడ ఒక సేవను సమీక్షించినట్లే సమీక్షిస్తున్నాను. ఎంత ఇస్తామన్నారన్నది కాక, ఆ సొమ్ము ఎవరి చేతికి, ఎప్పుడు, దేనికోసం అందుతుందన్నదే నా కొలమానం. వేర్వేరు దేశాల పథకాల నిబంధనలను పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు, ప్రకటనలో పెద్దగా కనిపించే అంకెకూ చివరికి జేబులో మిగిలే మొత్తానికీ ఉన్న దూరం ఒక్కో పథకంలో ఒక్కో తీరుగా ఉందని తేలింది.

ముందుగా ఆ ఖర్చు ఎక్కడ పుడుతుందో చూడాలి. గోడకు బిగించే పెట్టెను మనం ఛార్జర్ అంటున్నాం గాని, ఇంటికి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటుగా మార్చి ఎక్కించే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడమీది పెట్టె చేసే పని కారుతో సంకేతాలు మార్చుకుని, ఎంత కరెంటు తీసుకోవచ్చో తెలిపి, లోపం కనబడగానే సరఫరాను ఆపివేయడం. అసలు ఖర్చు దాని వెనుక ఉంది: మీటరు బోర్డు నుంచి కారు నిలిపే చోటి దాకా లాగవలసిన ప్రత్యేక లైను, ఆ భారానికి తగిన మందం గల కేబులు, బ్రేకరు, లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, అవసరమైతే శాంక్షన్డ్ లోడు (ఆ ఇల్లు వాడుకోవడానికి విద్యుత్ సంస్థ అనుమతించిన గరిష్ఠ భారం) పెంపు. గీజరు కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. కారు మాత్రం 32 ఆంపియర్లను గంటల తరబడి ఎడతెగకుండా లాగుతుంది. ఇలాంటి నిరంతర భారానికి 125 శాతం సామర్థ్యం గల సర్క్యూట్ ఉండాలని అమెరికా విద్యుత్ నియమావళి నిర్దేశించడం వల్లనే అక్కడ 48 ఆంపియర్ల ఛార్జరుకు 60 ఆంపియర్ల సర్క్యూట్ అడుగుతారు. పాత ఇంటి ప్యానెల్‌లో, అంటే బ్రేకర్లు ఉండే విద్యుత్ బోర్డులో, అంత చోటు లేకపోతే ప్యానెల్‌నే మార్చవలసి రావచ్చు. మీటరు ఒక మూల, పార్కింగ్ మరో మూల ఉంటే కేబులు, కూలీ కలిసి పెట్టె ధరను మించిపోవచ్చు. ఇంట్లోని మొత్తం వాడకాన్ని గమనిస్తూ కారుకు వెళ్లే కరెంటును తగ్గించే లోడ్ మేనేజ్‌మెంట్ పరికరం పెడితే చాలాచోట్ల ప్యానెల్ మార్పు తప్పుతుంది. ఈ సంగతి ఎలక్ట్రీషియన్ తనంతట తాను చెప్పకపోతే మనమే అడగాలి.

ఈ దృష్టితో చూస్తే అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 30సీ సెక్షన్ కింద ఇచ్చిన పన్ను క్రెడిట్ పైకి ఉదారంగా, లోపల ఇరుకుగా ఉంది. ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు అన్నది ప్రకటన. పన్ను మినహాయింపులాగా ఆదాయం లెక్కలో కాక, కట్టవలసిన పన్నులోనే నేరుగా తగ్గుతుంది కాబట్టి దీని విలువ ఎక్కువే. అయితే వ్యక్తిగత వాడకానికి ఇచ్చే ఈ క్రెడిట్‌ను నగదుగా తిరిగి ఇవ్వరు, మిగిలిన భాగాన్ని మరుసటి ఏడాదికి జరుపుకోనివ్వరు. ఆ సంవత్సరం పన్ను బాధ్యత 400 డాలర్లే ఉన్నవారికి దక్కేది ఆ 400 మాత్రమే. పైగా 2023 నుంచి ఇల్లు తక్కువ ఆదాయ ప్రాంతంలోనో, పట్టణేతర ప్రాంతంలోనో ఉండాలన్న షరతు చేరింది. ఆ నిర్ణయం జనగణన విభాగాన్ని బట్టి జరుగుతుంది కాబట్టి, ఇంటి చిరునామాకు సంబంధించిన 11 అంకెల సంఖ్యను వెదికి, జాబితాతో సరిచూసుకుని, ఆ తరువాతే 8911 ఫారం నింపాలి. వీధికి ఈవలి ఇంటికి వర్తించి ఆవలి ఇంటికి వర్తించని సందర్భాలు ఈ పద్ధతిలో సహజంగానే వస్తాయి. 2025 జూలై 4న సంతకమైన చట్టం దీనికి గడువు కూడా పెట్టింది: 2026 జూన్ 30 తరువాత వాడకంలోకి తెచ్చిన పరికరాలకు ఈ క్రెడిట్ లేదు. లెక్కకు వచ్చేది కొన్న తేదీ కాదు, వాడకంలోకి తెచ్చిన తేదీ అన్నది గమనించవలసిన విషయం. పరికరాన్ని ముందే కొని అట్టపెట్టెలో ఉంచుకున్నంత మాత్రాన ప్రయోజనం లేదు.

బ్రిటన్ పద్ధతి మొత్తంలో చిన్నది, మర్యాదలో పెద్దది. అక్కడి హోమ్‌ఛార్జ్ పథకం ఖర్చులో 75 శాతం దాకా భరించింది. గరిష్ఠ పరిమితి 500 పౌండ్ల నుంచి 2020 ఏప్రిల్‌లో 350 పౌండ్లకు తగ్గింది. ఇందులో నాకు నచ్చిన అంశం, రాయితీని ప్రభుత్వం నుంచి రాబట్టుకునే భారం అనుమతి పొందిన ఇన్‌స్టాలర్‌పై ఉండటం. వినియోగదారుడు రాయితీ పోగా మిగిలిన బిల్లే కడతాడు; మొత్తం చెల్లించి, రశీదులు పట్టుకుని నెలల తరబడి ఎదురుచూడడు. వెయ్యి ఎప్పుడో వస్తుందని చెప్పే పథకం కంటే, మూడువందల యాభై ఇప్పుడే తగ్గించే పథకం చేతిలో రొక్కం తక్కువ ఉన్నవారికి ఎక్కువగా ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. సొంత విడి ఇళ్లవారికి ఈ సౌకర్యం 2022 మార్చి 31తో ముగిసింది. తరువాత వచ్చిన గ్రాంటు అద్దె ఇళ్లలో, ఫ్లాట్లలో ఉండేవారికి పరిమితమైంది. సొంత ఇల్లు, సొంత పార్కింగ్ ఉన్నవారు రాయితీ లేకపోయినా ఛార్జర్ పెట్టించుకుంటారన్న అంచనా దీని వెనుక ఉంది. ఆ అంచనా సరైనదే గాని, తలుపు మూసుకున్నాక వచ్చినవారికి అది ఓదార్పు కాదు.

ఎక్కువసేపు ఆగి చూడవలసింది జర్మనీ అనుభవం. ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 2020 నవంబరులో ప్రారంభించిన 440 నంబరు పథకం ఒక్కో ఛార్జింగ్ పాయింటుకు 900 యూరోలు ఇచ్చింది. ఛార్జర్ 11 కిలోవాట్ల సామర్థ్యానికి మించకుండా అమర్చి ఉండాలి, బయటి నుంచి నియంత్రించే వీలుండాలి, వాడే విద్యుత్ పూర్తిగా పునరుత్పాదక వనరులదై ఉండాలి, పరికరానికి ఆర్డర్ ఇవ్వడానికి ముందే దరఖాస్తు చేసి ఉండాలి. ఇవన్నీ సహేతుకమైన షరతులే. అయితే మొత్తం ఖర్చు 900 యూరోలకు తక్కువైతే గ్రాంటే లేదన్న నిబంధన మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. పొదుపుగా 850 యూరోలలో పని పూర్తి చేసుకున్నవాడికి ఏమీ రాదు, 900 దాటించినవాడికి దాదాపు అంతా ఉచితం. ఇలాంటి గీత గీసినప్పుడు ఏ ఇన్‌స్టాలర్ అయినా 900 లోపు కొటేషన్ ఎందుకిస్తాడు? సగటు మనిషి ఎందుకు అడుగుతాడు? ఆ పథకానికి కేటాయింపును దఫదఫాలుగా 80 కోట్ల యూరోలకు పెంచినా 2021 అక్టోబరుకల్లా నిధులు అయిపోయాయి.

ఆ తరువాతి 442 నంబరు పథకం మరీ విచిత్రం. సోలార్ పలకలు, బ్యాటరీ, ఛార్జర్ మూడూ కలిపి కొత్తగా పెట్టుకునే సొంతింటి యజమానులకు 10,200 యూరోల దాకా ఇస్తామని 2023 సెప్టెంబరు 26న తెరిచారు. ఆ ఏడాదికి కేటాయించిన 30 కోట్ల యూరోలు ఒక్క రోజులోనే ముగిశాయి. ఉదయాన్నే పోర్టల్ ముందు కూర్చోగలిగినవారికి దక్కింది, ఉద్యోగానికి వెళ్లి సాయంత్రం చూసుకున్నవారికి దక్కలేదు. సేవగా చూస్తే దీనికి నేను తక్కువ మార్కులే వేస్తాను. ఇంత పెద్ద మొత్తాన్ని వేగాన్ని బట్టి పంచడం కంటే, సగం మొత్తాన్ని రెట్టింపు మందికి ఇవ్వడం మేలు.

ఐర్లండ్‌లో ఇంధన సంస్థ ఇచ్చే గ్రాంటు 600 యూరోల నుంచి 2024 జనవరిలో 300 యూరోలకు తగ్గింది. ఢిల్లీ ప్రభుత్వం 2020 విద్యుత్ వాహన విధానంలో మొదటి 30,000 ఛార్జింగ్ పాయింట్లకు ఒక్కోదానికి 6,000 రూపాయల వరకు పరికరం ధరను పూర్తిగా భరిస్తామంది. ఇది పెట్టెకు ఇచ్చే రాయితీకి స్వచ్ఛమైన ఉదాహరణ. ద్విచక్ర వాహనాలకూ సరిపోయే చిన్న ఛార్జర్లకు అది చాలిన మొత్తమే. దానితోపాటు పంపిణీ సంస్థల ద్వారా దరఖాస్తు, అమరిక, కనెక్షన్ ఒకేచోట జరిగేలా చేసిన ఏర్పాటు ఆ 6,000 కంటే విలువైనదని నేను భావిస్తాను.

దరఖాస్తుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే రాయితీలు చేజారేది ఎక్కువగా అక్కడే. నేను ఒక విద్యుత్ సంస్థ ఇచ్చే రాయితీకి పంపిన దరఖాస్తు ఒకసారి తిరిగి వచ్చింది. కారణం, ఎలక్ట్రీషియన్ ఇచ్చిన బిల్లులో ఛార్జర్ ధర, కేబులు, కూలీ అన్నీ కలిపి ఒకే అంకెగా రాసి ఉండటం, పరికరం సీరియల్ నంబరు లేకపోవడం. అతడి చేత మళ్లీ వివరంగా రాయించుకుని పంపేసరికి మరో ఐదు వారాలు గడిచాయి. తప్పు నాదే అనుకోవచ్చు, కాని బిల్లు ఏ రూపంలో ఉండాలో దరఖాస్తు పత్రంలో ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ఐదు వారాలు మిగిలేవి. పని మొదలుపెట్టక ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది: అనుమతి ముందు తీసుకోవాలా, పని అయ్యాక అడగాలా అన్నది, కొనబోయే నమూనా ఆమోదిత జాబితాలో ఉందా అన్నది, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ ధ్రువపత్రం కావాలా అన్నది. జర్మనీ తరహా పథకంలో ముందు కొన్నవాడు నష్టపోతాడు, అమెరికా తరహాలో ఆలస్యంగా అమర్చినవాడు నష్టపోతాడు.

ఒక్కసారి చేతిలో పెట్టే గ్రాంటు కంటే నెలనెలా బిల్లులో కనిపించే రాయితీయే దీర్ఘకాలంలో పెద్దదని నా లెక్క. జర్మనీలో 2024 జనవరి 1 నుంచి అమలైన నిబంధన ఇందుకు మంచి నమూనా: గ్రిడ్‌పై ఒత్తిడి పెరిగినప్పుడు పంపిణీ సంస్థ ఇంటి ఛార్జర్‌ను 4.2 కిలోవాట్లకు తగ్గించవచ్చు, అందుకు బదులుగా వినియోగదారుడు కట్టే గ్రిడ్ రుసుము తగ్గుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ స్పష్టంగా ఉంది. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి ఛార్జర్లన్నీ రద్దీ వేళలను తప్పించే అమరికతోనే రావాలి. యజమాని కావాలంటే దానిని మార్చుకోవచ్చు. భారత ప్రభుత్వం 2023లో వినియోగదారుల హక్కుల నియమాలను సవరిస్తూ, సౌర విద్యుత్ అందే పగటి గంటలలో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలని చెప్పింది. చౌక కరెంటు అంటే అర్ధరాత్రి కరెంటే అన్న అలవాటు ఆలోచన అన్నిచోట్లా చెల్లదన్నమాట. కారు పగలు ఇంటి దగ్గర ఉంటుందా, రాత్రి ఉంటుందా అన్నదాన్ని బట్టి ఏ టారిఫ్ లాభమో తేల్చుకోవాలి.

అసలు అంత శక్తిమంతమైన ఛార్జర్ అవసరమా అన్న ప్రశ్నను రాయితీలు మరుగున పడేస్తాయి. 230 వోల్టుల సాకెట్ నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటే 2.3 కిలోవాట్లు, ఎనిమిది గంటలలో సుమారు 18 యూనిట్లు. సాధారణమైన కారుకు అది దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవారికి ఎర్తింగ్ సరిగా ఉన్న మంచి సాకెట్, దానికి విడిగా ఒక లైను చాలు. కాని నేను చూసిన గ్రాంట్లలో ఎక్కువ భాగం అలాంటి సాకెట్‌కు రావు, ఏడు లేదా పదకొండు కిలోవాట్ల పెట్టెకే వస్తాయి. వచ్చే డబ్బు కోసం అవసరం లేని సామర్థ్యాన్ని కొని, దానికోసం లోడు పెంచుకుని, నెలనెలా స్థిర చార్జీ అదనంగా కట్టడం రాయితీని తిరిగి ఇచ్చివేయడమే.

నా అంచనాలో అన్నింటికంటే సరిగా ఆలోచించిన పథకం అపార్ట్‌మెంట్ల పార్కింగ్ కోసం బ్రిటన్ 2022లో తెచ్చిన గ్రాంటు. మీటరు గదికీ పార్కింగ్ స్థలానికీ మధ్య దూరం ఎక్కువగా ఉండే ఇలాంటి చోట ఒక్కొక్కరు విడివిడిగా కేబులు లాగించుకోవడం వృథా, ఒక్కోసారి అసాధ్యం కూడా. ఖర్చులో 75 శాతం, గరిష్ఠంగా 30,000 పౌండ్లు ఇచ్చే ఆ పథకం, ఛార్జర్ పెట్టే సాకెట్‌కు 350 పౌండ్లు, వైరింగ్ సిద్ధం చేసిన ఒక్కో పార్కింగ్ స్థలానికి 500 పౌండ్లు అని లెక్క కట్టింది. ఇంకా కారు కొనని వారి స్థలానికి కూడా తీగ ముందుగానే వేయించుకోవచ్చు. నేను చదివిన పథకాలలో పెట్టె కంటే తీగకు ఎక్కువ ఇచ్చినది ఇదొక్కటే.