మామూలు గూగులా, గూగుల్ స్కాలరా?

ఏదైనా విషయం లోతుగా తెలుసుకుందామని కూర్చుంటే మొదటి చిక్కు ఇదే: ఎక్కడ వెతకాలి? మామూలు గూగుల్‌లోనా, పరిశోధన పత్రాల్లాంటివి వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లోనా?

ఖర్చు: వెతకడం రెండింట్లోనూ ఉచితమే. కాకపోతే స్కాలర్‌లో దొరికిన పేపర్ (పరిశోధన పత్రం) చాలాసార్లు డబ్బు కడితేనే తెరుచుకుంటుంది. అప్పుడు కింద ‘అన్ని వెర్షన్లు’ లింకు నొక్కి చూడండి. రచయితే పెట్టిన ఉచిత పీడీఎఫ్ ఒక్కోసారి అక్కడే ఉంటుంది.

శ్రమ: గూగుల్‌లో మాట కొడితే చాలు, ఏదో ఒకటి చేతికొస్తుంది. 2004లో వచ్చిన స్కాలర్‌కి ఓపిక కావాలి. కానీ అందులోని ‘సైటెడ్ బై’ లింకు ఉంది చూశారూ, పాత పేపర్‌ను తర్వాత ఎవరెవరు వాడుకున్నారో, ఎవరు తప్పుపట్టారో తీగ లాగినట్టు బయటికొస్తుంది. నేను స్కాలర్ తెరిచేదే దానికోసం.

రిస్క్: గూగుల్‌లో పైన కనిపించేది ప్రకటన కావచ్చు, కింద ఉన్నవి ఒకదాన్నొకటి కాపీ కొట్టినవి కావచ్చు. అలాగని స్కాలర్‌లో ఉన్నదంతా నిజమనీ కాదు. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య పత్రిక వెనక్కి తీసుకున్నది 2010లో.

నిన్నటి వార్తకో, ఫోన్ రిపేరుకో అయితే గూగుల్. ఫలానా మందు పనిచేస్తుందనడానికి ఆధారం ఉందా అంటే స్కాలర్. సబ్జెక్టు బొత్తిగా కొత్తదైతే ముందు గూగుల్‌లో నిపుణులు వాడే పదాలు ఏరుకుని స్కాలర్‌కి వెళ్లండి. మనం గుండెపోటు అనేది అక్కడ మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్.