క్రూజ్‌లో ‘అసలైన ఇటాలియన్ భోజనం’ అని పైన డబ్బు కట్టించుకుంటారు, జాగ్రత్త! మా అమ్మ చేత తినకూడనిది తినిపించారు

మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేసుకున్నవాళ్లు, ముఖ్యంగా నీసు ముట్టని అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్తున్నవాళ్లు, ఇది పూర్తిగా చదవండి. టికెట్టులో కలిసి వచ్చే భోజనం కాదు నేను చెప్పేది. ఈ రూట్లో తిరిగే పెద్ద ఓడల్లో చాలావాటిలో పైన డబ్బు తీసుకుని ‘అసలు సిసలు ఇటాలియన్’ అని వడ్డించే ప్రత్యేక రెస్టారెంటు ఒకటి ఉంటుంది. దాని సంగతి. ఓడ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. మేం ఇంటికి చేరి ఇంకా పెట్టెలు కూడా సర్దుకోలేదు, నా కోపం అలాగే ఉంది.

నాన్నగారి షష్టిపూర్తికి అమ్మనీ నాన్ననీ నేనూ మావారూ తీసుకెళ్లాం. నేను ఎమ్మెస్ చదివింది ఇటలీ రేవు పట్నం జెనోవాలో. అక్కడ పాస్తాలో కలిపే పెస్టో అనే పచ్చడి అంటే ఏమిటో నాకు తెలుసు. పాలరాతి రోట్లో కర్ర రోకలితో తులసి జాతి ఆకు (బేసిల్), వెల్లుల్లి, పైన్ గింజలు, కల్లుప్పు వేసి నూరి, రెండు రకాల చీజ్, లిగూరియా (జెనోవా ఉన్న ప్రాంతం) ఆలివ్ నూనె కలుపుతారు. అంతే, ఏడే ఏడు వస్తువులు. ఆ ఊరి బేసిల్‌కి 2005 నుంచి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. జెనోవాకి పడమటి చివర ప్రా అనే చోట గ్రీన్‌హౌసుల్లో పెంచే ఆకుకి మరీ పేరు. రెండేళ్లకోసారి పలాత్సో దుకాలే అనే పాత రాజభవనంలో రోలు, రోకలి పట్టుకుని పెస్టో పోటీలు కూడా పెడతారు. అమ్మకి ఇవన్నీ ఫోన్లో ఎన్నోసార్లు చెప్పాను. రోటి పచ్చడి నూరే మనిషి కదా, ఎప్పటికైనా ఒకసారి తినాలని అనుకుంటూ ఉండేది.

ఒకటే చిక్కు, చీజ్. పర్మిజానో, గ్రానా పదానో, పెకొరీనో, ఇవన్నీ పాలు విరగడానికి దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేసి చేస్తారు. ఇటలీలో తప్పేమీ కాదు, వందల ఏళ్ల పద్ధతి అది. పర్మిజానోకైతే చట్టం ప్రకారమే దూడ రెన్నెట్ వేయాలి. కానీ మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మన పెద్దవాళ్లలో చాలామందికి చీజ్‌లో ఇది ఉంటుందన్న సంగతే తెలియదు. అందుకే టేబుల్ బుక్ చేసినప్పుడే ఈమెయిల్ రాశాను: ఒక ప్లేటు పెస్టో పాస్తా చీజ్ లేకుండా కావాలి, కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, బుకింగ్ మానుకుంటాను అని. జవాబు వచ్చింది. ‘మా పెస్టో రోజూ తాజాగా చేస్తాం, మీ అమ్మగారికి చీజ్ లేకుండా విడిగా చేసిస్తాం’ అని స్పష్టంగా రాశారు. మనిషికి 45 యూరోలు ముందే కార్డు మీద లాగేశారు.

మిలాన్ నుంచి రైల్లో వచ్చి జెనోవాలో నేరుగా ఓడ ఎక్కేశాం. నాన్నగారి మోకాళ్ల వల్ల ఊళ్లోకి తిప్పడం కుదరలేదు. ఆ రాత్రే మా టేబుల్. మెనూ అట్ట మీద జెనోవా రేవు బొమ్మ, ‘లిగూరియా నుంచి నేరుగా’ అన్న మాట. లోపల యునెస్కో ప్రస్తావన కూడా. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో మన దీపావళితో పాటు ఇటాలియన్ వంటని కూడా యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది కదా, దాన్ని తమ గొప్పగా వేసుకున్నారు. నాన్న అది చదివి అమ్మకి చూపించారు కూడా.

మావారికి కార్బొనారా పాస్తా వచ్చింది. రోమ్‌లో కార్బొనారా అంటే గుడ్డు సొన, పెకొరీనో, మిరియాలు, పంది దవడ మాంసం. అందులో క్రీమ్ వేయరు. ఇక్కడ గిన్నె నిండా క్రీమే. పోనీ అనుకున్నాం. పిజ్జా పాలిపోయి వచ్చింది, అదీ సరే. నేపుల్స్ పిజ్జా కట్టెల పొయ్యిలో 485 డిగ్రీల దగ్గర నిమిషం, నిమిషంన్నరలో కాలాలి. నడిసముద్రంలో నిప్పంటే ఉన్న భయం వల్ల ఓడ వంటగదులు దాదాపు అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. ఓడలో కట్టెల పొయ్యి లేదని గొడవ పెట్టుకునేంత మూర్ఖత్వం నాకు లేదు. వేలమందికి వండేచోట పాస్తా ముందే సగం ఉడికించి పెట్టుకుంటారని కూడా తెలుసు. వంటవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్లు పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే ఉంటారు.

అమ్మ ప్లేటు వచ్చింది. రంగు చూడగానే అనుమానం వచ్చింది. అప్పుడే నూరిన పెస్టో పచ్చగా నిగనిగలాడుతుంది, వాసన ముందే వచ్చేస్తుంది. ఇది గోధుమరంగు కలిసిన పాకుడు పచ్చ. వెయిటర్‌ని అడిగాను: ‘ఇది చీజ్ లేకుండా చేసిందే కదా?’ ‘ఎస్ మేడమ్’ అన్నాడు. అమ్మ తినడం మొదలుపెట్టింది. బాగుందనే అంది, నన్ను సంతోషపెట్టడానికి. నేను ఆ ప్లేట్లోంచి ఒక ముద్ద రుచి చూశాను. తియ్యగా ఉంది, నోటికి చీజ్ తెలుస్తోంది.

ఇంకో వెయిటర్‌ని పిలిచాను. మన దేశం కుర్రాడే. అతనికి హిందీలో విషయం చెప్పాను, మా అమ్మ గుడ్డు కూడా తినదు బాబూ, నిజం చెప్పు అని. అతను ఒక్క క్షణం మా అమ్మ వైపు చూశాడు. లోపలికి వెళ్లి, కాస్త ఆగి, ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. ఐదు కిలోలు పట్టే డబ్బా. అతని గురించి ఇంతకంటే రాయను, అతని ఉద్యోగం అతనికి ఉండాలి. ఆ ఓడలో మాతో నిజం మాట్లాడిన మనిషి అతనొక్కడే.

లేబుల్ చదివాను. పొద్దుతిరుగుడు నూనె. బేసిల్. జీడిపప్పు. గ్రానా పదానో చీజ్, దాని పక్కనే లైసోజైమ్, గుడ్డు నుంచి తీసినది. బంగాళదుంప పొడి. అన్నిటికంటే చివర, పేరుకి, పైన్ గింజలు. అంటే దూడ రెన్నెట్‌తో చేసిన చీజూ, గుడ్డూ రెండూ ఉన్నదాన్ని, చీజ్ లేకుండా విడిగా చేశామని చెప్పి మా అమ్మ ముందు పెట్టారు. అప్పటికి సగం ప్లేటు తినేసింది. ‘ఏముందమ్మా అందులో?’ అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. నా మొహం చూసి ఆవిడకే అర్థమైంది. చెంచా కింద పెట్టేసింది.

మేనేజర్ని పిలవమన్నాను. చాలాసేపటికి వచ్చాడు. ఫోన్లో వాళ్ల ఈమెయిల్ తీసి చూపించాను. చదవను కూడా చదవలేదు. ‘వెజిటేరియన్ అంటే మాంసం లేకపోవడం. చీజ్ అందరూ తింటారు. ఇంతమంది తింటున్నారు, ఎవరికీ లేని ఇబ్బంది మీకే ఎందుకు?’ అన్నాడు. నేను అడిగింది వెజిటేరియన్ కాదు, చీజ్ లేకుండా, మీరే ఒప్పుకున్నారు అన్నాను. మెనూలో ‘లిగూరియా నుంచి నేరుగా, రోజూ తాజాగా’ అని ఎందుకు రాశారు అని అడిగాను. అప్పుడు అన్న మాట ఇది: ‘మేడమ్, ఇది ఓడ. జెనోవా కాదు.’

ఓడ అప్పుడే రేవు దాటింది. కిటికీలోంచి జెనోవా లాంతెర్నా దీపస్తంభం కనిపిస్తూనే ఉంది. ఆ ఊరి బొమ్మ అట్ట మీద వేసుకుని, ఆ ఊరి పేరు చెప్పి డబ్బు తీసుకుని, ఆ ఊరి రేవులోంచి బయల్దేరి, అడిగినందుకు మాతో అనే మాటా ఇది? పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూస్తున్నారు. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ‘వదిలెయ్యమ్మా’ అన్నారు. పుట్టినరోజు పండక్కి తీసుకొచ్చిన తండ్రి నన్ను బతిమాలుకోవాల్సి వచ్చింది. చివరికి పరిహారంగా అమ్మకి ఏం పంపించారో తెలుసా? ఒక తిరమీసు. గుడ్డు సొనతో చేసే తీపి. అంతసేపు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా వాళ్ల చెవికి ఎక్కలేదు.

అమ్మ క్యాబిన్‌కి వచ్చి తలస్నానం చేసింది. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ తర్వాత ఓడలో ఉన్నన్నాళ్లూ పళ్లు, పెరుగు, ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులు, ఇంతే. ఎంత చెప్పినా ఆ వంటగదిలోంచి వచ్చిన ఇంకే వంటకాన్నీ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది?

ఇక్కడ కొందరు అనబోయే మాట నాకు తెలుసు: ఓడలో అసలైన ఇటాలియన్ భోజనం ఆశించడమేమిటి అని. నేను ఆశించింది అది కాదు. స్పగెట్టీ మీట్‌బాల్స్, చికెన్ అల్ఫ్రెడో లాంటివి అమెరికాకి వలస వెళ్లిన ఇటాలియన్ల ఇళ్లలో, హోటళ్లలో తయారైన వంటలు. వాటికీ వాటి చరిత్ర ఉంది. ఆ పేరు చెప్పి పెట్టండి, హాయిగా తింటాం. డబ్బాలో పెస్టో అని చెప్పి పెట్టండి, ఎవరికి కావాలో వాళ్లు తింటారు. జెనోవా పేరుకి డబ్బు తీసుకుని డబ్బా విప్పడం మోసం. దానికంటే పెద్ద మోసం, చీజ్ ఉందా అని ముఖం మీద అడిగితే లేదని చెప్పడం. ఇటాలియన్ వంటలో వస్తువే ప్రాణం. నాలుగైదు వస్తువులతో చేసే వంటలో ఆలివ్ నూనె తీసి పొద్దుతిరుగుడు నూనె, పైన్ గింజలు తీసి జీడిపప్పు వేస్తే ఇక మిగిలేది పేరొక్కటే. ఎందుకు మారుస్తారో చెప్పక్కర్లేదు, పైన్ గింజల ధర ఎక్కువ.

జీడిపప్పు సంగతి ఇంకా భయంకరం. మెనూలో పైన్ గింజలని మాత్రమే రాశారు. జీడిపప్పు పడని పిల్లలు ఎంతమంది ఉంటారు! అదే టేబుల్ దగ్గర అలాంటి పిల్లో పిల్లాడో కూర్చుని ఉంటే? యూరోపియన్ యూనియన్‌లో 1169/2011 అనే నిబంధన ఉంది. అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాలు వంటలో ఉంటే తినేవాళ్లకి చెప్పి తీరాలి. జీడిపప్పు, గుడ్డు, పాలు మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ యూనియన్ దేశాల నుంచి బయల్దేరే ఓడలు, విమానాలు, రైళ్లలో పెట్టే భోజనానికి కూడా అది వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. తిండి గురించిన సమాచారం తప్పుదారి పట్టించకూడదని కూడా ఉంది. నా ఫిర్యాదులో ఈ నిబంధన నంబరే వేశాను, డబ్బా లేబుల్ ఫోటో, వాళ్ల ఈమెయిల్ జతచేశాను. ఇప్పటిదాకా వచ్చింది ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అన్న ఒక మెయిల్. రిఫండ్ బదులు 20 యూరోల క్రెడిట్ ఇచ్చారు, అదీ ఓడలోని బార్‌లో వాడుకోవడానికట.

నేపుల్స్‌లో దిగిన రోజు మాత్రం అమ్మ కడుపు నిండా తింది. రేవు నుంచి టాక్సీలో వెళ్లి పాత ఊళ్లో ఒక చిన్న పిజ్జా కొట్లో కూర్చున్నాం. మరినారా పిజ్జాలో చీజే ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. పిండిలో ఏముందని అడిగితే కొట్టు పెద్దాయన పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ అని వేళ్లు మడిచి చెప్పి, అమ్మని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ఆరు యూరోలు. ఆయనకి మా భాష రాదు, అమ్మకి ఆయన భాష రాదు.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది: ఓడ ఎక్కకముందే ఆ ప్రత్యేక రెస్టారెంటు బుక్ చేయకండి. ఎక్కాక వెళ్లి మెనూ చూసి, సాస్ ఇక్కడే చేస్తారా, డబ్బాలో వస్తుందా, లేబుల్ చూపిస్తారా అని అడిగి, చూపిస్తేనే డబ్బు కట్టండి. శాకాహారం అని చెప్పి ఊరుకోకండి. చీజ్‌లో ఏ రెన్నెట్, గుడ్డు ఉందా అని విడివిడిగా అడగండి. పన్నాకోట్టా అనే మీగడ తీపిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో తరచుగా చేప ఉంటుంది, మినెస్ట్రోనే కూరగాయల సూపే అయినా పంది మాంసం ముక్కలు వేసేవాళ్లున్నారు. జెనోవాలో ఓడ ఎక్కేవాళ్లకి రేవు దగ్గరే ప్రిన్సిపే స్టేషన్ ఉంది, కాస్త టైముంటే ఊళ్లో సాదా ఫరినాతా అడిగి తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు తప్ప అందులో ఇంకేమీ ఉండదు, పెద్దవాళ్లకి ధైర్యంగా పెట్టొచ్చు. రేవులో దిగిన ప్రతిచోటా బయటే తినండి. క్యాబిన్ బిల్లు ఆఖరి రాత్రి వచ్చేదాకా ఆగకుండా రోజూ చూసుకోండి. అభ్యంతరం ఉంటే ఓడలో ఉండగానే రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. మేం నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు వాళ్ల రికార్డులో ఎక్కడా లేదని ఇప్పుడు అంటున్నారు.