ఎయిర్‌పోర్టు రైళ్లు: మద్రాసు 40 రూపాయలు, సిడ్నీ 17 డాలర్లు

నెల్లూరోళ్లకి విమానం అంటే ఇప్పటికీ మద్రాసే. అమ్మాయి సిడ్నీలో ఉండటంతో ఈ దారిలో ఏళ్ల తరబడి తిరుగుతున్నాను.

పినాకినిలో వెళ్లి సెంట్రల్‌లో దిగితే పక్కనే మెట్రో. ఎయిర్‌పోర్టుకి 40 రూపాయలు, ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకుంటే 32. 2021లో గరిష్ఠ ఛార్జీని 70 నుంచి 50కి దించారు. ఈ మెట్రోలో కేంద్రానికి, తమిళనాడుకి చెరి సగం వాటా. చిరాకల్లా స్కానింగ్ దగ్గరే: ఆవకాయ డబ్బాలతో నిండిన పెట్టెను వంగి ఎత్తి పెట్టాలి, మళ్లీ దించుకోవాలి. రాత్రి 11 దాటితే రైలుండదు. సింగపూర్ మీదుగా వచ్చే విమానం కాస్త ఆలస్యమైందా, ట్యాక్సీవాడు చెప్పిందే రేటు. లగేజీ లేనివాళ్లు పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి తిరుశూలంలో దిగితే ఐదో పదో రూపాయలతో పోతుంది.

సిడ్నీ కథ వేరు. అక్కడ రైలు ప్రభుత్వానిదే, మామూలు లోకల్ రైలే. ఎయిర్‌పోర్టులోని రెండు స్టేషన్లు మాత్రం ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్నాయి. గేటుకి కార్డు తాకించగానే రైలు ఛార్జీ మీద ఇంకో 17 డాలర్ల పైచిలుకు స్టేషన్ ఫీజు పడుతుంది. మన డబ్బుల్లో వెయ్యి దాకా! ఇద్దరు ముగ్గురుంటే ట్యాక్సీయే నయం. అదే లైన్లో తర్వాతి స్టేషన్ మాస్కట్‌లో ఈ ఫీజు లేదు. 2011 నుంచి అక్కడి రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని భరిస్తోంది. అందుకే తెలిసినవాళ్లు మాస్కట్ దాకా సిటీ బస్సులో పోయి రైలెక్కుతారు. మా అల్లుడు మాకూ అదే అలవాటు చేశాడు.

కంపెనీది అత్యాశేనని కొట్టిపారేయలేను. 2000లో లైను తెరిస్తే అనుకున్నంత జనం రాలేదు, ఆ ఏడాదే కంపెనీ అప్పు తీర్చలేక రిసీవర్ల (అప్పిచ్చినవాళ్ల తరఫున వ్యవహారం చూసేవాళ్ల) చేతికి పోయింది. అప్పంతా విమాన ప్రయాణికుల జేబులోంచే తీరాలంటే రేటు ఇలాగే ఉంటుంది. అసలు తప్పు ప్రభుత్వం ఆ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది.

ఢిల్లీలో ఇంకో దారి పట్టారు. అక్కడి ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ కూడా 2011లో ప్రైవేటుగానే మొదలైంది. 2012లో కట్టడంలో లోపాలు బయటపడి నెలల తరబడి ఆగింది, 2013 జూలైలో ఢిల్లీ మెట్రో తీసుకుంది. 2015లో ఛార్జీలు 40 శాతం దాకా తగ్గించేసరికి జనం పెరిగారు. పాత కంపెనీతో కోర్టు తగాదా మాత్రం 2024 దాకా సాగింది.

మద్రాసుకి పదికి ఎనిమిది ఇస్తాను, రాత్రి రైళ్లు పెడితే తొమ్మిది. సిడ్నీకి నాలుగు. అక్కడి కంపెనీ ఒప్పందం 2030లో ముగుస్తుంది. అప్పటిదాకా మాకు మాస్కట్ బస్సే.