రక్తపిశాచి మేకప్ బాక్సు: మాక్యుమెంటరీ తీసేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాదు కృష్ణానగర్ మేకప్ సామాన్ల షాపుల్లోనూ వెయ్యి రూపాయల లోపు దొరికే రక్తపిశాచి బాక్సులు పేరు ఏదైనా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఒక జత కోరలు, వేడి నీళ్ళలో కరిగించి వాడే తెల్ల ప్లాస్టిక్ పూసల పొట్లం, చిన్న సీసాలో నకిలీ రక్తం, తెల్ల క్రీము డబ్బీ, నల్ల రంగు బిళ్ళ, ఒక స్పాంజి. కొన్నిటిలో ఎర్ర లెన్సులు కూడా పెడతారు. డబ్బు పెట్టదగ్గవి కోరలు, పూసలు మాత్రమే. రక్తం, క్రీము బయట ఇంతకంటే మంచివి దొరుకుతాయి. లెన్సులైతే మూత కూడా తీయకుండా పారేయాలి.

ఫ్యాన్సీ డ్రెస్సుకో, కాలేజీ స్కిట్‌కో అయితే లెన్సులు తప్ప బాక్సు ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు. పిశాచాల కుటుంబం మీద మాక్యుమెంటరీ, అంటే నిజం డాక్యుమెంటరీలా కనబడే ఉత్తుత్తి సినిమా, తీసే షార్ట్ ఫిల్మ్ బృందాల అవసరం వేరు. మామూలు దయ్యం సినిమాలో కోర ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. చీకటి, పొగ, నేపథ్య సంగీతం మిగతా లోపాలన్నీ కప్పేస్తాయి. ఇక్కడ ఆ అండ ఏదీ ఉండదు. మలక్‌పేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ట్యూబ్‌లైటు వెలుగు, సోఫాలో కూర్చున్న అత్తగారు. పగలు గ్యాస్ సిలిండర్ వస్తే తలుపు తీసే దిక్కు లేదని ఆవిడ కెమెరా వైపు చూస్తూ రెండు నిమిషాలు గోడు వెళ్ళబోసుకోవాలి. 2010లో బెల్జియంలో తీసిన ‘వాంపైర్స్’లోనూ, 2014లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ‘వాట్ వి డూ ఇన్ ది షాడోస్’లోనూ పిశాచాలు ఇలాగే కెమెరా ముందు కూర్చుని ఇంటి గొడవలు చెప్పుకుంటాయి. ఆ గోడు నిజమనిపిస్తేనే నవ్వొస్తుంది. కోర కాస్త ఊగినా, మాట నత్తిగా వచ్చినా చూసేవాడి కన్ను మనిషి మీంచి ప్లాస్టిక్ మీదికి పోతుంది, సీను అక్కడే చచ్చిపోతుంది. అందుకే ఈ బాక్సును చూపుకి ఎలా ఉందని కాదు, మాటకి ఎలా ఉందని చూడాలి.

ముందు కోరల పొడవు. పై కోరపన్ను బయటికి కనిపించే భాగం మామూలుగా 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానికంటే 3 నుంచి 4 మిల్లీమీటర్లు కిందికి దిగితే చాలు, నోరు మూస్తే కనబడదు, నవ్వితే కనబడుతుంది. బాక్సులో వచ్చేవి అంతకు రెండింతలు దిగుతాయి. అలాగే పెట్టుకుంటే పెదాలు మూతపడవు, ఎంగిలి కారుతుంది, కింది పెదవి లోపల గంటలోపే గాటు పడుతుంది. గోళ్ళకు వాడే ఆకురాయితో కొన నుంచి అరగదీసి, అంచును గుండ్రంగా చేయాలి. చూడ్డానికి కోర పదును తగ్గినట్టు కెమెరాకి తెలియదు. ఇంట్లో అందరికీ ఒకే పొడవు పెట్టడం కూడా తప్పే. కొత్తగా పిశాచి అయిన అల్లుడికి 2 మిల్లీమీటర్లు, ఇంటి పెద్దకి 5 పెడితే వరుసలు మాటల్లో చెప్పక్కర్లేకుండా తెలిసిపోతాయి. తాత పాత్రధారికి కట్టుడు పళ్ళుంటే వాటి మీద పూసలు పెట్టొద్దు, ఒక ప్లాస్టిక్‌కి ఇంకోటి అతుక్కుంటే పళ్ళ సెట్టు పాడవుతుంది. ఆయనకి కోరలు లేకపోయినా నష్టమేం లేదు. 1931 ‘డ్రాకులా’లో బేలా లుగోసీ నోట్లో కోర అన్నదే కనబడదు.

ఇక బిగించడం. పూసలు సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. పొయ్యి మీద మరిగే నీళ్ళు అక్కర్లేదు. దించి రెండు మూడు నిమిషాలు ఆగిన నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి, ఒక్కో కోరకి ఏడెనిమిది పూసలు వేయండి. తెల్లగా ఉన్నవి గాజులా పారదర్శకం అయ్యాయంటే సిద్ధమైనట్టు. చెంచాతో తీసి, తడి వేళ్ళతో ఉండ చేసి, కోర లోపలి గుంటలో మూడింట రెండు వంతులే నింపాలి. నోట్లో పెట్టేముందు మణికట్టు మీద ఆనించి చూడాలి, చురుక్కుమంటే ఇంకో పది సెకన్లు ఆగాలి. పన్ను మీది తడిని టిష్యూతో తుడిచేసి, అద్దంలో చూస్తూ నిటారుగా పైకి నొక్కాలి. పక్కకి ఒరిగితే తర్వాత సరిచేయలేం.

అసలు కిటుకు ఆ తర్వాతి నిమిషంలో ఉంది. పూస చల్లారుతూ మళ్ళీ తెల్లబడుతున్నప్పుడు కోరను పట్టుకుని పైకీ కిందికీ ఒక వెంట్రుకవాసి కదిలిస్తూ ఉండాలి. కదపకుండా వదిలేస్తే మెత్తటి ప్లాస్టిక్ పళ్ళ సందుల్లోకి దిగి గట్టిపడుతుంది, తీయబోతే రాదు. తీశాక చల్లటి నీళ్ళలో వేస్తే ఆకారం నిలబడుతుంది. చిగురు మీదికి పొంగిన అంచును బ్లేడుతో కోసేయాలి, లేకపోతే సాయంత్రానికల్లా పుండవుతుంది. వదులుగా ఉంటే జిగురు జోలికి పోకుండా మళ్ళీ వేడి నీళ్ళలో వేసి మొదటినుంచి చేయండి, పూసలు ఎన్నిసార్లయినా కరుగుతాయి. సూపర్ గ్లూ, గోళ్ళ జిగురు నోట్లో వాడటం చాలా ప్రమాదం. పళ్ళకి క్లిప్పులున్నవాళ్ళకి, కోరపన్ను కదులుతున్నవాళ్ళకి, ఆ పంటికి క్యాప్ ఉన్నవాళ్ళకి ఈ పద్ధతే వద్దు.

అదే 60 డిగ్రీల లెక్క హైదరాబాదులో రెండు చోట్ల దెబ్బతీస్తుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద డబ్బీ పెట్టి వెళ్తే, తిరిగొచ్చేసరికి లోపలి అచ్చు కరిగి పోయుంటుంది. రెండోది ఇరానీ చాయ్. పొగలు కక్కే చాయ్ తాగితే లోపలి పూస మెత్తబడి, కోర జారి కప్పులో పడుతుంది. బ్రేకులో చాయ్ వచ్చే ముందే కోరలు తీసి ఎవరి డబ్బీలో వాళ్ళు పెట్టుకునేలా ఒక అసిస్టెంటుకి అప్పగించండి. డబ్బీల మీద పేర్లు రాయాలి, ఒకరివి ఇంకొకరు పెట్టుకోకూడదు.

ఇప్పుడు మాట. కోరలు పెట్టుకున్న వెంటనే ఎవరైనా నత్తిగానే మాట్లాడతారు. నోట్లో కొత్త వస్తువు ఉంటే లాలాజలం ఎక్కువ ఊరుతుంది, అరగంట పేపరు గట్టిగా చదివితే సర్దుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే తప్పు బిగింపులో ఉంది. పరీక్షకి ఈ వాక్యం పనికొస్తుంది: ‘వాసన వస్తే ఫోన్ చెయ్యి వదినా, సాయంత్రం వరకు శవపేటిక తెరువను.’ ‘వ’, ‘ఫ’ పలికేటప్పుడు కింది పెదవి పై పళ్ళను తాకాలి. అక్కడ తడబడితే కోర పొడవెక్కువ ఉన్నట్టు, ఇంకో మిల్లీమీటరు అరగదీయాలి. ‘స’, ‘శ’ ఈలలా వస్తే పూస అంగిలి వైపు మందంగా పేరుకున్నట్టు. ఆ అక్షరాలకి నాలుక అంచులు పక్క పళ్ళకి ఆని, మధ్యలోంచి గాలి పోవాలి. ఆ అంచు కింద గడ్డ ఉంటే గాలి పక్కనుంచి తప్పించుకుంటుంది. లోపలివైపు ఆకురాయితో పల్చగా చేస్తే చాలావరకు పోతుంది. ఈ పరీక్షను చొక్కాకి పెట్టే కాలర్ మైకుతో రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో వినాలి. గదిలో వినబడని ఈల మైకులో స్పష్టంగా వినబడుతుంది. డబ్బింగ్‌లో సర్దుకుందాం అనుకోకండి. మాక్యుమెంటరీకి ప్రాణం అక్కడికక్కడ పుట్టిన మాటే, డబ్బింగ్ చెబితే అది పోతుంది.

కోరల రంగు నీలి తెలుపు, మనిషి పన్ను అలా ఉండదు. గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పసుపు కలిపి ఒక్కో నిమిషం ముంచి తీసి పక్క పన్నుతో పోల్చండి. ఎక్కువ పడితే వెనక్కి రాదు.

రక్తం సీసా ఈ బాక్సులో అన్నిటికంటే పేలవమైనది. పల్చగా ఉంటుంది, తెల్ల చొక్కా మీద పడితే గులాబీ రంగు షర్బత్‌లా కనబడుతుంది. ఇంట్లో చేసుకునేదే మేలు. 200 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్ కొనండి, కేకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, బేగంబజార్‌లో అడిగితే చెబుతారు. గిన్నెను వేడినీళ్ళలో పెట్టి దాన్ని పల్చబరచి, 40 మి.లీ. నీళ్ళు కలపాలి. ఒక చిన్న చెంచా కోకో పొడిని విడిగా గోరువెచ్చటి నీళ్ళతో ముద్ద చేసి వేయాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. ఆపైన ఎర్ర ఫుడ్ కలర్ ఒక చిన్న చెంచా, నీలం ఒక్క చుక్క. టిష్యూ మీద వేస్తే అంచు ముదురు ఎరుపుగా పాకాలి. గులాబీ అయితే కోకో తక్కువ, నారింజ అయితే నీలం తక్కువ. చవక ఎల్‌ఈడీ బల్బుల కింద ఎరుపు సరిగా పలకదు కాబట్టి షూటింగ్ లైటు కిందే చూసుకోవాలి. ఫ్లాష్‌బ్యాక్ నలుపు తెలుపులో ఉంటే ఇంత కష్టం అక్కర్లేదు, 1960 నాటి ‘సైకో’లో వాడింది చాక్లెట్ సిరప్పే.

నోట్లోకి వెళ్ళే రక్తంలో తినే పదార్థాలు తప్ప ఏవీ ఉండకూడదు. కుంకుమ, సిందూరం అసలు వద్దు, కొన్నిట్లో సీసం ఉంటుంది. చేసిన రక్తం ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి దాచొద్దు. చక్కెర పాకం కాబట్టి సెట్లో చీమలు పడతాయి, గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టండి.

బట్టల సంగతి ఇంకా ముఖ్యం. ఫుడ్ కలర్ పట్టు, ఉన్ని, నైలాన్ పోగుల్ని గట్టిగా పట్టుకుంటుంది, ఎంత ఉతికినా పోదు. నూలుకి కొంత తక్కువ పడుతుంది, పాలియెస్టర్‌కి అంటుకోవడమే కష్టం. అత్తగారి పాత్రకి అద్దెకు తెచ్చిన అసలు పట్టుచీర మీద ఈ రక్తం పడితే మొత్తం చీర ధర కట్టుకోవాల్సిందే. రక్తం సీనుకి పట్టులా మెరిసే పాలియెస్టర్ చీర తీసుకోండి. బట్టల మీద చల్లే రక్తంలో ఒక చెంచా లిక్విడ్ డిటర్జెంట్ కలిపితే సులువుగా వదులుతుంది, ఆ గిన్నె మాత్రం వేరే ఉండాలి, మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాలి. చర్మానికీ ఇదే సూత్రం. పెదాల చుట్టూ ముందే వాజ్లిన్ రాస్తే మర్నాటికి గడ్డం ఎర్రగా మిగలదు.

తెల్ల క్రీము మన ఒంటి రంగు మీద రాస్తే బూడిద పూసినట్టే ఉంటుంది, పాలిపోయినట్టు ఉండదు. మనిషి పాలిపోతే ముఖంలోని ఎరుపు తగ్గుతుందే తప్ప తెలుపు పెరగదు. నటుడి రంగుకి ఒకటి రెండు మెట్లు లేతగా, కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న ఫౌండేషన్ పల్చగా రాసి పౌడరు అద్దితే చాలు. కళ్ళ కింద బాక్సులోని నలుపు వద్దు, వంకాయ రంగు వాడండి. చాలామంది మరిచిపోయేవి చేతులు, చెవులు. ఇంటర్వ్యూలో మనుషులు చేతులు తిప్పుతూ మాట్లాడతారు, ముఖం పాలిపోయి చేతులు నిగనిగలాడుతుంటే దొరికిపోతారు. చెమట పడితే పౌడరు మీద పౌడరు వేయకుండా ముందు టిష్యూతో ఒత్తి తీయాలి. పాత నాటక సామాన్లలో అర్దళం అనే పసుపు రంగు పొడి దొరికితే ముట్టుకోవద్దు, అందులో ఆర్సెనిక్ ఉంటుంది.

లెన్సుల గురించి ఒక్క మాటే. ప్రతి కంటి వంపూ వేరు, కొలవకుండా పెట్టే లెన్సు నల్లగుడ్డును గీరుతుంది, ఇన్ఫెక్షన్ వస్తే చూపే పోవచ్చు. తప్పనిసరైతే కంటి డాక్టరు కొలిచి రాసినవే వాడాలి. నిజానికి ఈ తరహా సినిమాకి మామూలు కళ్ళే బాగుంటాయి.

ఎక్కువ రోజుల షూటింగ్ ఉంటే, ముఖ్యపాత్రలకి పళ్ళ డాక్టరు దగ్గర అచ్చు తీయించి డెంటల్ ల్యాబులో అక్రిలిక్ కోరలు చేయించడం మంచిది. ఖర్చు వేలల్లో ఉంటుంది, చేతికి రావడానికి రోజులు పడుతుంది, కానీ అవి పలచగా ఉంటాయి, చాయ్‌కి కరగవు. చిన్న పాత్రలకి బాక్సు కోరలు చాలు. నలుగురి కుటుంబానికి నాలుగు బాక్సులు మాత్రం కొనకండి. కృష్ణానగర్‌లో విడి కోరల జతలు, విడి పూసల ప్యాకెట్టు అడగండి. 50 గ్రాముల పూసలు నలుగురికీ సరిపోగా, విరిగితే మళ్ళీ చేసుకోవడానికి కూడా మిగులుతాయి.