ఇంట్లో మాచా లాటే: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్లుగా, వారంలో ఐదారు రోజులు, ఉదయం పూట ఇంట్లోనే మాచా లాటే, అంటే మాచా అనే జపాన్ గ్రీన్ టీ పొడిని పాలతో కలిపిన పానీయం, చేసుకుని తాగుతున్నాను. ఈ కాలంలో రెండు వెదురు కవ్వాలు, నురగ తెప్పించే రెండు బ్యాటరీ ఫ్రోతర్లు, మూత బిగించే గాజు సీసా ఒకటి, లెక్కపెట్టనన్ని పొడి డబ్బాలు నా వంటగదిలోకి వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పుడు లేవు. వీటన్నిటికంటే నాకు ఎక్కువగా పనికివచ్చింది వీటన్నిటికంటే చవకైన వస్తువు, అంటే టీ వడకట్టుకునే సన్నకన్నుల చిన్న జల్లెడ. మొదట కొన్న సరంజామాలో అది లేదు. అది లేకుండా గడిపిన ఐదు నెలల్లో పొడిని తప్పుపట్టాను, పాలను తప్పుపట్టాను, చివరికి నీటిని కూడా వదల్లేదు.

మాచా నీటిలో కరగదు. ఈ ఒక్క విషయం మొదట తెలియకపోవడం వల్లే ఎన్నో కప్పులు పారబోశాను. ఇన్‌స్టంట్ కాఫీలా కలిసిపోతుందనుకుని వేడి పాలలో నేరుగా పొడి వేసి చెంచాతో తిప్పేదాన్ని. పైన ఆకుపచ్చని ఉండలు తేలేవి. ఒక్కో గుటకలో ఒక్కో ఉండ నోట్లో పగిలి, లోపలి పొడి గొంతుకు అడ్డం పడేది. మామూలు టీలో ఆకు సారం మాత్రమే నీటిలోకి దిగుతుంది, ఆకును పారేస్తాం. మాచాలో ఆకునే మెత్తగా విసిరి, ఆ పొడిని నీటిలో తేలేటట్లు చిలికి తాగుతాం. ఆ రేణువులు సుమారు 5 నుంచి 10 మైక్రాన్లంత సన్నగా ఉంటాయి కాబట్టి డబ్బాలో ఉండగానే తేమ వల్ల, స్థిర విద్యుత్తు వల్ల ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా అతుక్కున్న ముద్ద మీద ద్రవం పడగానే పై పొర తడిసి మూసుకుపోతుంది, లోపలి పొడికి తడి చేరదు, ఆ తర్వాత ఎంత చిలికినా ఆ ఉండ విడిపోదు. ఉండను విడగొట్టవలసింది అది తడవకముందే. ఆ పని చేసేది జల్లెడ తప్ప కవ్వం కాదు.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతిలో పెద్ద నైపుణ్యమేమీ లేదు. వెడల్పు గిన్నె మీద జల్లెడ పెట్టి, 2 గ్రాముల పొడి వేసి, చెంచా వెనుక భాగంతో నెమ్మదిగా రుద్దుతాను. ముందుగా 10 మిల్లీలీటర్ల వేడి నీరు మాత్రమే పోసి నున్నని ముద్దగా మెదిపి, ఆ తర్వాత మరో 30 మిల్లీలీటర్లు పోసి నురగ వచ్చేదాకా చిలికి, చివరగా 150 మిల్లీలీటర్ల పాలు కలుపుతాను. జపాన్ టీ సంప్రదాయంలో వాడే సన్నని వెదురు చెంచాతో ఒకసారి తీస్తే సుమారు ఒక గ్రాము వస్తుందంటారు గాని, జల్లించిన పొడి గాలి పట్టి ఉబ్బుతుంది కనుక అదే చెంచాకు తక్కువ తూగుతుంది. అందుకే జల్లించకముందే, 0.1 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు మీద తూచుకుంటాను. చూసేవారికి ఇది చాదస్తంగా కనిపిస్తుందని నాకు తెలుసు. అయితే 2 గ్రాములలో అర గ్రాము తేడా అంటే పావు వంతు తేడా. అంత తేడాను నాలుక ఇట్టే పట్టేస్తుంది.

నీటి వేడి 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని అందరూ చెబుతారు. ఆకు మొత్తం ఎలాగూ కడుపులోకే వెళ్తున్నప్పుడు నీటి వేడితో పనేమిటని కొంతకాలం నేను వాదించాను. ఒకే పొడితో, ఒకటి మరిగిన నీటితోనూ, మరొకటి చల్లారిన నీటితోనూ, రెండు కప్పులు పక్కపక్కన చేసి తాగి చూశాక ఆ వాదన మానేశాను. మరిగిన నీరు పోసిన కప్పులో వగరు ముందుకొచ్చింది, లేత పసరు వాసన ఉడికిన ఆకు వాసనగా మారిపోయింది. థర్మామీటరు అవసరం లేదు. మరిగిన నీటిని ఖాళీ కప్పులోకి, దానిలోనుంచి ఇంకో కప్పులోకి పోస్తే కావలసినంత వేడికి దిగుతుంది.

పొడి గురించి మాత్రం ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే నేను ఎక్కువగా నష్టపోయింది అక్కడే. మాచాకు వాడే ఆకును కోతకు ముందు సుమారు మూడు వారాలో అంతకంటే ఎక్కువో నీడలో పెంచుతారు. వేళ్లలో తయారై ఆకుకు చేరే థియనైన్ అనే అమైనో ఆమ్లం ఎండ తగిలితే వగరునిచ్చే కాటెకిన్లుగా మారిపోతుంది. నీడలో ఆ మార్పు తగ్గుతుంది, పత్రహరితం పెరుగుతుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, కాడలు, ఈనెలు తీసేస్తారు. అలా మిగిలిన దాన్ని తెంచా అంటారు, దాన్ని విసిరితే మాచా. రాతి తిరగలి గంటకు సుమారు 40 గ్రాములే విసురుతుందని తెలిశాక, నేను దాదాపు మూడు వారాల్లో ముగించే 30 గ్రాముల డబ్బా వెనుక ముప్పావు గంట తిరగలి పని ఉందని లెక్క వేసుకుని, గిన్నె అంచుకు అంటిన పొడిని కూడా నీటితో కడిగి తాగడం మొదలుపెట్టాను.

ఈ ప్రక్రియ తెలియని రోజుల్లో, ఎక్కువ కొంటే కలిసొస్తుందని 100 గ్రాముల సంచి ఒకటి తెప్పించాను. మొదటి రెండు వారాలు బాగుంది. ఆరో వారానికి రంగు ఎండుగడ్డి వైపు తిరిగింది, నోటిలో తియ్యదనం పోయి పొడి దుమ్ము రుచి మిగిలింది. గాలి, వెలుతురు, వేడి, తేమ, ఈ నాలుగూ మాచాకు శత్రువులే. సంచి తెరిచిన ప్రతి ఉదయం నేను నాలుగింటినీ లోపలికి పిలిచాను. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి కాపాడదామనుకోవడం మరో పొరపాటు. చల్లని సంచిని తీసిన వెంటనే తెరిస్తే గదిలోని తేమ పొడి మీద చేరి ఉండలు ఇంకా పెరిగాయి. తెరవని డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచవచ్చు గాని, బయటకు తీసి గది వేడికి వచ్చేదాకా ఆగిన తర్వాతే మూత తీయాలి. ఇప్పుడు 30 గ్రాములకు మించి కొనను, ఎంత రాయితీ ఇచ్చినా సరే.

డబ్బా మీద రాసే సెరిమోనియల్ (టీ వేడుకకు తగినది) అనే మాట విషయంలో కూడా నా నమ్మకం పోయింది. జపాన్‌లో అలాంటి అధికారిక శ్రేణి లేదు; అది అమ్మకం కోసం పుట్టిన మాట. ఉజి, నిషియో, కగోషిమా వంటి పండిన ప్రాంతం పేరు, ఏ కోత ఆకు, ఎప్పుడు విసిరారు అనే వివరాలు ఉన్నాయా లేదా అని చూస్తాను. కొత్త డబ్బా తెరిచిన రోజు పాలు లేకుండా, 2 గ్రాములకు 70 మిల్లీలీటర్ల నీటితో, అంటే ఉసుచా పద్ధతిలో చేసి తాగుతాను. పాలు కలిపితే పొడి లోపాలు దాక్కుంటాయి, గొప్పతనాలు కూడా దాక్కుంటాయి. ఒకసారి ఆశపడి కొన్న అతి సున్నితమైన మొదటి కోత మాచా, నీటితో తాగినప్పుడు అద్భుతంగా ఉండి, లాటేలో వేసేసరికి ఎక్కడుందో కనిపించలేదు. లాటేకు కాస్త చేదు, కాస్త గట్టి రుచి ఉన్న మధ్యరకమే నప్పుతుందని నా అభిప్రాయం. మరీ నాసిరకమైతే వగరును చక్కెరతో కప్పవలసి వస్తుంది, అప్పుడు తాగేది మాచా కాదు, ఆకుపచ్చ పాయసం.

2024 శరదృతువులో క్యోటో ప్రాంతపు పేరున్న టీ సంస్థలు అమ్మకాలపై పరిమితులు పెట్టినప్పుడు, నేను వాడే డబ్బా దొరకక, మాచా అనే పేరుతో అమ్ముతున్న వేరే పొడిని కొన్నాను. అది నీడలో పెంచని మామూలు గ్రీన్ టీ ఆకు పొడి అని మొదటి కప్పులోనే తేలిపోయింది: పసుపు కలిసిన ముదురు రంగు, వేళ్ల మధ్య రుద్దితే గరుకు, కప్పు అడుగున మందంగా మడ్డి. అసలైన మాచా కూడా కాసేపు కదపకుండా ఉంచితే అడుగుకు దిగుతుంది, అది లోపం కాదు. కాని చిలికిన రెండు నిమిషాలకే పేరుకుపోతే పొడి ముతకదని అర్థం.

పాల విషయానికి వస్తే, వెన్న తీయని ఆవు పాలే నాకు మొదటి స్థానంలో నిలిచాయి. పాలలోని ప్రోటీన్లు కాటెకిన్లను పట్టుకుని వగరును తగ్గిస్తాయి, కొవ్వు నోటికి నునుపునిస్తుంది. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపేస్తే పాలకు సహజమైన తియ్యదనం ఉంటుంది, 70 దాటితే కాగిన వాసన వచ్చి మాచాను మింగేస్తుంది. ఓట్ పాలు రెండో స్థానం. తయారీలో ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి కనుక అవి వాటంతటవే తియ్యగా ఉండి చక్కెర అవసరాన్ని తగ్గిస్తాయి. సోయా పాలు నురగ బాగా ఇస్తాయి గాని గింజ వాసన వెంటాడుతుంది. బాదం పాలు పలుచన, కొబ్బరి పాలలో కొబ్బరి తప్ప మరేదీ తెలియదు. ఈ రెండింటినీ నెల రోజుల చొప్పున వాడి మానేశాను.

చల్లని లాటే చేయాలనుకున్నా ముద్దను మాత్రం వేడి నీటితోనే చేసుకోవాలి. చక్కెర వేసుకునేవారు ఆ దశలోనే వేయాలి, చల్లని పాలలో అది సరిగా కరగదు. గ్లాసులో ముందు మంచు ముక్కలు, పాలు పోసి, పైనుంచి మాచాను నెమ్మదిగా జారవిడిస్తే తెలుపు మీద ఆకుపచ్చ పొర నిలుస్తుంది. చూడముచ్చటే గాని తాగే ముందు కలపక తప్పదు.

బ్యాటరీ ఫ్రోతర్ గురించి నిజాయితీగా చెప్పాలంటే, లాటే వరకు అది చాలు. దాని నురగ బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోతాయి, కాని పైన పాలు పోశాక ఆ తేడా ఎవరికీ తెలియదు. స్విచ్ నొక్కిన తర్వాత గిన్నెలో దించితే పొడి గోడల మీదికి ఎగురుతుంది కనుక, ముందు ముంచి తర్వాత నొక్కాలి. నా మొదటి ఫ్రోతర్ తీగ చుట్టకు ఏడాదిలో తుప్పు పట్టింది, రెండోది ఇంకా తిరుగుతోంది. మూత సీసాలో వేసి ఊపడం చల్లని లాటేకు సులువైన దారి. వేడి నీటితో మాత్రం ఆ పని చేయకూడదు; లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి మూత ఊడింది, వంటగది గోడ మీద ఆ మరక ఇప్పటికీ లేత పచ్చగా ఉంది.

మాచాలో గ్రాముకు సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. నా 2 గ్రాముల కప్పుతో ఇబ్బంది ఏమీ రాలేదు. రుచి కోసం 4 గ్రాములకు పెంచిన వారంలో మాత్రం గుండె దడ, నిద్రలేమి రెండూ వచ్చాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని చెప్పింది. కాఫీ కూడా తాగేవారు రెండూ కలిపి లెక్క చూసుకోవాలి. టీలోని పాలీఫినాల్స్ ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి కనుక భోజనంతో కలిపి తాగను.

ఇక చసెన్ అనే వెదురు కవ్వం. ఒకే వెదురు ముక్కను చీల్చి పుల్లలుగా మలిచే ఈ వస్తువుకు నారా ప్రాంతంలోని తకయామ ప్రసిద్ధి. నా మొదటి చసెన్‌ను కడిగిన వెంటనే అది వచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి మూతపెట్టేదాన్ని, నాలుగు నెలలకు బూజు పట్టింది. రెండోదాన్ని వాడే ముందు గోరువెచ్చని నీటిలో ఒక నిమిషం నానబెడతాను, సబ్బు తగలనివ్వను, పింగాణీ స్టాండు మీద గాలికి ఆరనిస్తాను. అది రెండేళ్లకు పైగా నిలిచింది, అయితే మధ్యలోని పుల్లలు చాలావరకు విరిగిపోయాయి. దాని స్థానంలో మూడోది కొనలేదు. పనిదినాల్లో జల్లెడ, ఫ్రోతర్ చాలు. పాలు లేకుండా ఉసుచా తాగే ఆదివారాలకు ఆ విరిగిన చసెన్ ఇంకా సన్నని నురగే ఇస్తోంది, చిలికాక గిన్నెలో తేలే వెదురు ముక్కలను ఏరుకోవలసి వస్తోంది, అంతే.