ఇంట్లో నాస్ డబ్బా: మాల్వేర్ పట్టి వదిలాక నా సమీక్ష

నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి అందరి ఫైళ్ళూ దాచుకునే డిస్కుల డబ్బా. ముందే చెప్పేస్తాను, వస్తువు మంచిదే. ఇంట్లో వైఫై దాటి బయటికి వెళ్ళనివ్వకుండా వాడుకునేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఎక్కడున్నా ఫోన్‌లో ఫొటోలు చూసుకోవచ్చన్న ఆశతో కొనేవాళ్ళు మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి.

2020 చివర్లో గవర్నర్‌పేటలో ఒక షాపులో తీసుకున్నాను. రెండు డిస్కులు పట్టే నాస్. రెండూ 4 టీబీవే, రైడ్ 1లో పెట్టించాను, అంటే రెండింట్లోనూ అదే డేటా. పిల్లల ఫొటోలు, మా ఆవిడ సంగీతం క్లాసుల రికార్డింగులు, నాన్నగారి పొలం దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తలనొప్పి ఏ ఒక్క కంపెనీదీ కాదు. 2014లో సైనాలజీ నాస్‌లను సైనోలాకర్ అనే, ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే మాల్వేర్ పట్టింది. 2021 జూన్‌లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) వాళ్ళ మై బుక్ లైవ్ డిస్కులు ప్రపంచవ్యాప్తంగా ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత అప్‌డేట్లే రాని మోడల్ అది. 2022 జనవరిలో క్యూన్యాప్ కంపెనీ వంతు వచ్చింది, ఫైళ్ళు లాక్ చేసి డెడ్‌బోల్ట్ ముఠా వాళ్ళు ఒక్కో డబ్బాకి 0.03 బిట్‌కాయిన్ అడిగారు. కాబట్టి బ్రాండు మారిస్తే గొడవ వదిలిపోతుందనుకోకండి.

రోజువారీ వాడకంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. సగటున 20 వాట్లు లాగుతుందనుకున్నా నెలకి 14, 15 యూనిట్లు. బెజవాడ మే నెలలో హాల్లో పెడితే డిస్కులు 50 డిగ్రీలు దాటేవి, టీవీ స్టాండు అరలోంచి తీసి గాలి తగిలే చోట పెట్టాక తగ్గింది. యూపీఎస్ తప్పనిసరి. అదీ యూఎస్‌బీ తీగతో నాస్‌కి కలిపేది కొనండి. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటేలోపు నాస్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి. 2022 వేసవిలో నాస్ లోపలి ఫ్యాన్ గోల మొదలైంది. రోహిణి కార్తె కదా, ఎండకేమో అనుకున్నాం. కానీ రాత్రి రెండింటికి, ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా అదే హోరు. నాస్ సెట్టింగుల పేజీలోకి వెళ్ళి చూస్తే ప్రాసెసర్ 100 శాతం మీద ఉంది. ఎవరూ ఏ ఫైలూ తెరవలేదు, బ్యాకప్ ఏదీ నడవడం లేదు. అప్‌డేట్ చేద్దామంటే సర్వర్ దొరకడం లేదంటుంది. లాప్‌టాప్‌లో అదే కంపెనీ వెబ్‌సైటు శుభ్రంగా తెరుచుకుంటోంది. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో (కమాండ్లు టైప్ చేసి నడిపే దారి) లాగిన్ అయి, ఏ సైటు పేరు ఏ చిరునామాకి వెళ్ళాలో రాసుండే హోస్ట్స్ ఫైల్ తెరిస్తే విషయం బయటపడింది. మామూలుగా రెండు మూడు లైన్లుండే ఫైలది. అందులో కంపెనీ అప్‌డేట్ సర్వర్ల పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా 0.0.0.0 అని పెట్టారు. అంటే అప్‌డేట్ కోసం నాస్ ఎటు పోదామన్నా దారి లేకుండా చేశారన్నమాట. ప్రాసెసర్‌ని తినేస్తున్నది క్రిప్టో మైనర్, అంటే మన డబ్బాతో ఎవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రాము, పేరు మాత్రం సిస్టమ్ ప్రోగ్రాములా పెట్టారు. దాన్ని చంపితే కాసేపటికి మళ్ళీ లేస్తోంది. ఎందుకా అని చూస్తే క్రాన్‌లో (టైముకి పనులు వాటంతటవే నడిపే జాబితా) ఒక లైను, మాయమైనప్పుడల్లా బయటి నుంచి మళ్ళీ దింపుకోవడానికి. యూజర్ల జాబితాలో అడ్మిన్ హక్కులతో మేం సృష్టించని ఖాతా ఒకటి. లాగ్‌లో అడ్మిన్, రూట్, గెస్ట్, టెస్ట్ అంటూ ఎక్కడెక్కడి ఐపీల నుంచో లాగిన్ ప్రయత్నాలు పేజీలకు పేజీలు. డిస్కు నిండుతోందంటే మెయిల్ పంపే ఈ డబ్బా, కొత్త అడ్మిన్ పుట్టుకొస్తే మాత్రం నోరు మెదపలేదు. ఈ ఒక్క విషయానికి నేను దీనికి ఒక స్టార్ కోసేస్తాను.

రూటర్ నుంచి కేబుల్ పీకేసి, నాస్‌ని నేరుగా లాప్‌టాప్‌కి కలిపాను. షాపుకి ఫోన్ చేస్తే కుర్రాడు, "వెనకాల చిన్న కన్నం ఉంటది కదా సార్, పిన్నుతో రీసెట్ కొట్టేయండి, పోద్ది" అన్నాడు. పోదు. ఆ బటన్ నొక్కితే మార్చేది అడ్మిన్ పాస్‌వర్డూ నెట్‌వర్క్ సెట్టింగులే. చాలా నాస్‌లలో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎక్కువ భాగం డిస్కుల మీదే, మన డేటా పక్కనే వేరే పార్టిషన్‌లో (డిస్కులో విడిగా చేసిన భాగం) ఉంటుంది. మాల్వేర్ కాపురం అక్కడే. రైడ్ 1 పుణ్యమా అని రెండో డిస్కులోనూ దాని నకలు ఉంటుంది. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకోవడానికి రైడ్. వైరస్ పట్టినా, ఫైలు పొరపాటున చెరిపేసినా రెండు డిస్కుల్లోనూ ఒకేసారి అవుతుంది.

కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కు కొని ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు మాత్రమే అందులోకి తీసుకున్నాను. ప్రోగ్రాములు, స్క్రిప్టులు, పాత సెట్టింగుల బ్యాకప్ ఏవీ ముట్టుకోలేదు. సెట్టింగుల ఫైల్ వెనక్కి ఎక్కిస్తే ఆ దొంగ ఖాతా కూడా వెనక్కి వచ్చి కూర్చోవచ్చు. తర్వాత రెండు డిస్కులూ తీసి లాప్‌టాప్‌లో పార్టిషన్లతో సహా తుడిచేసి, కంపెనీ సైటు నుంచి కొత్తగా దింపిన ఫర్మ్‌వేర్‌తో (డబ్బాని నడిపే సాఫ్ట్‌వేర్) మొదటి నుంచి పెట్టాను. పని కష్టమేం కాదు, టైమ్ మాత్రం తినేస్తుంది. ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే రకం పట్టినవాళ్ళు ఇలా తుడిచేసే ముందు లాక్ అయిన ఫైళ్ళ కాపీ ఒకటి దాచుకోండి. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ వాళ్ళు కూడా కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి.

డబ్బా శుభ్రమైతే సరిపోదు, అసలు కన్నం రూటర్‌లో ఉంది. యూపీఎన్‌పీ అని, ఇంట్లో పరికరాలు అడిగితే రూటర్‌లో బయటికి దారి తెరిచే సౌకర్యం ఒకటి ఆన్‌లో ఉంది. ఎవరు తలుపు తట్టినా పేరైనా అడక్కుండా తీసే వాచ్‌మన్ అది. మొదటిరోజు షాపు మనిషి వచ్చి బయటి నుంచి చూసే సదుపాయం పెట్టి వెళ్ళినప్పుడు, నాస్ దాన్ని అడిగి 8080తో పాటు ఇంకో పోర్టు (నెట్‌వర్క్ తలుపు) కూడా బయటికి తెరిపించుకుంది. యూపీఎన్‌పీ ఆపేశాను, బయటికి తెరిచిన పోర్టుల ఫార్వర్డింగ్ జాబితా ఖాళీ చేశాను, ఇన్‌స్టలేషన్ నాటి నుంచి అడ్మిన్, అడ్మిన్ అని ఉన్న రూటర్ పాస్‌వర్డ్ మార్చాను, సైటు పేర్లకి చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ ఎవరైనా మార్చారేమో చూశాను. ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి ఐపీవీ6 సంగతి చాలామంది మర్చిపోతారు. మీ నెట్ సీజీన్యాట్ (చాలా ఇళ్ళకి కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చే పద్ధతి) వెనక ఉంది కదా, బయటివాళ్ళు రాలేరులే అనుకున్నా, ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత చిరునామా వస్తుంది. రూటర్‌లో దాని ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంటే నాస్ నడివీధిలో ఉన్నట్టే.

నాస్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ బయటపడ్డట్టే లెక్క వేసుకోవాలి. మెయిల్ పంపడానికిచ్చిన యాప్ పాస్‌వర్డ్, క్లౌడ్ సింక్‌కిచ్చిన అనుమతి అన్నీ రద్దు చేసి కొత్తవి పెట్టాను. అడ్మిన్ అనే పాత ఖాతాని ఆపేసి వేరే పేరుతో ఇంకోటి, దానికి రెండంచెల లాగిన్. నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1 కూడా ఆపేశాను. 2017లో వన్నాక్రై అనే, ఫైళ్ళు లాక్ చేసే మాల్వేర్ పాకింది దాని దారినే, అప్పట్లో మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది ఆపేసరికి మా పాత టీవీకి నాస్ కనబడటం మానేసింది. "ఏవండీ, టీవీలో పాటలు రావట్లేదు" అని ఇంట్లో నసుగుడు. టీవీలకి పాటలు, వీడియోలు అందించే డీఎల్ఎన్ఏ ఆన్ చేసి పాటల ఫోల్డరు ఒక్కదాన్నే దానికి చూపించాను.

బయటి నుంచి చూడాలంటే ఇప్పుడు టెయిల్‌స్కేల్ వాడుతున్నాం, మన పరికరాలను మాత్రమే ఒకదానికొకటి కలిపే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్ అది. రూటర్‌లో ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు, సీజీన్యాట్ వెనక ఉన్నా పనిచేస్తుంది. ఫోన్‌లో అది ఆన్ చేస్తేనే నాస్ కనిపిస్తుంది. మా అమ్మకి ఈ అదనపు నొక్కుడు నచ్చలేదు, అలవాటైంది. కంపెనీ యాప్‌తో పోలిస్తే వీడియోలు కాస్త ఆలస్యంగా మొదలవుతాయి. నాకు అదేం బాధ కాదు.

బ్యాకప్ విషయంలో మాత్రం నన్ను పూర్తిగా మార్చింది 2024 సెప్టెంబరు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు మా స్నేహితుడి కంప్యూటరు, దాని పక్కనే పెట్టుకున్న బ్యాకప్ డిస్కు రెండూ కలిసి మునిగాయి. మా డేటా కాపీ ఒకటి ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా బావమరిది బీరువాలో ఉంటుంది. "నెట్‌లో పంపించొచ్చుగా బావా" అంటాడు వాడు. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఎక్కడా తగ్గకుండా వచ్చినా 1 టీబీకి 22 గంటలు పైనే, బస్సులో గంట ప్రయాణం. పండక్కి ఎలాగూ వెళ్తాం, డిస్కు మార్చుకొస్తాం. ఇంట్లో ఇంకో యూఎస్‌బీ డిస్కుంది. ఆదివారం కాపీ అవగానే తీగ పీకేస్తాను, తగిలించే ఉంచితే మాల్వేర్ దాన్నీ వదలదు. స్నాప్‌షాట్లు, అంటే డేటా ఒక్కో సమయంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునే సదుపాయం, ఇచ్చే మోడల్ దొరికితే అదే తీసుకోండి.

కొనేముందు రెండు సంగతులు చూడండి. డిస్కు సీఎంఆర్ రకమేనా (డేటా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసేది, ఎక్కించి రాసేది ఎస్‌ఎంఆర్) అన్నది ఒకటి. నాస్ కోసమని అమ్మిన కొన్ని డబ్ల్యూడీ రెడ్ డిస్కులు ఎస్‌ఎంఆర్ అని 2020లో ఆ కంపెనీయే ఒప్పుకుంది, రైడ్ మళ్ళీ కట్టేటప్పుడు అవి నత్తనడక నడుస్తాయి. రెండోది, ఆ మోడల్‌కి భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో కంపెనీ పేజీలో వెతకండి. డిస్కౌంట్‌లో వచ్చే పాత మోడళ్ళకి ఆ గడువు దగ్గరపడి ఉంటుంది. నాదానికి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. ఆగిన రోజున దీనికి రూటర్‌లో ఇంటర్నెట్ పూర్తిగా కట్ చేసి, ఉత్త బ్యాకప్ డబ్బాగా వాడుకుంటాను. 5కి నా మార్కు మూడున్నర.