సిస్ప్లాటిన్ వారానికోసారా, మూడు వారాలకోసారా: ఏది మేలు?

మా బాబాయిది టంగుటూరు దగ్గర పల్లె. నలభై ఏళ్లు పొగాకు పండించాడు, ఆకు ఆరబెట్టే బ్యారన్ కాల్చాడు, అదే పొగాకు దవడన పెట్టుకుని నమిలాడు. ఎడమ దవడలో పుండు నెలల తరబడి మానకపోతే ముక్క పరీక్ష చేయించాం. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయ్యాక వచ్చిన రిపోర్టులో, మెడ గ్రంథుల గోడ దాటి జబ్బు బయటికి పాకిందని ఉంది. అలాంటప్పుడు కరెంటు (రేడియేషన్) ఒక్కటే పెడితే చాలదు, దాంతోపాటు సిస్ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కించాలి.

వారానికోసారి కొంచెం కొంచెంగానా, మూడు వారాలకోసారి ఎక్కువ మోతాదులోనా, ఇంట్లో మాట్లాడుకుని చెప్పమన్నారు. పిన్ని వెంటనే "వారానికోసారే నయం నాయనా, ఒళ్లు తట్టుకుంటుంది" అంది. మా అందరికీ అదే సబబనిపించింది.

కానీ "వారానికోసారి" అన్న మాటలో రెండు వేర్వేరు వైద్యాలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాములు ఇస్తారు, కొన్నిచోట్ల 40. మా బాబాయి లాంటి 60 కిలోల మనిషికి అది సుమారు 48 మిల్లీగ్రాములా, 64 మిల్లీగ్రాములా అన్న తేడా. మూడు వారాల పద్ధతిలో చదరపు మీటరుకు 100, అంటే ఒక్కరోజే 160. కరెంటు క్యాన్సర్ కణంలోని డీఎన్ఏను తెంపుతుంది. తెగింది మళ్లీ అతుక్కోకుండా ఈ మందు అడ్డం పడుతుంది. అందుకే ఆ ఆరేడు వారాల్లో మొత్తం ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందన్నది ముఖ్యం. చదరపు మీటరుకు కనీసం 200 చేరాలని డాక్టర్లు చూస్తారు. వారానికి 30 చొప్పున ఆరు వారాలైతే 180 దగ్గరే ఆగిపోతుంది.

ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో 300 మంది మీద ఈ 30నీ, 100నీ పోల్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది మా బాబాయిలాగే ఆపరేషన్ అయినవాళ్లు. రెండేళ్ల తర్వాత నోట్లో, మెడలో జబ్బు తిరగబెట్టకుండా అదుపులో ఉన్నది మూడు వారాల పద్ధతిలో 73.1 శాతం మందికి, వారానికోసారి పద్ధతిలో 58.5 శాతం మందికి. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం 84.6 శాతం, 71.6 శాతం. వారానికోసారి తీసుకున్నవాళ్లు కూడా తేలిగ్గా ఏమీ బయటపడలేదని ఈ చివరి అంకె చూస్తే తెలుస్తుంది.

జపాన్‌వాళ్లు ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న 261 మందిలో 40నీ, 100నీ పోల్చారు. 2022లో అచ్చయింది. మూడేళ్లకు బతికున్నవాళ్లు వారానికోసారి పద్ధతిలో 71.6 శాతం, మూడు వారాల పద్ధతిలో 59.1 శాతం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు మూడు వారాల పద్ధతిలో 12 శాతం, వారానికోసారి పద్ధతిలో 7 శాతం. కిడ్నీలకూ చెవులకూ దెబ్బ కూడా వారానికోసారి పద్ధతిలోనే తక్కువ.

మాకు చెప్పింది 30 మోతాదు. నేను గట్టిగా అడిగితేనే ఆ అంకె బయటికొచ్చింది. బాబాయి కిడ్నీలు బాగున్నాయి కాబట్టి మూడు వారాల పద్ధతికే ఒప్పుకున్నాం. మందు రోజు పొద్దున్నుంచీ సెలైన్ బాటిళ్లు. పోసిన ఉచ్చ కొలిచి రాయమన్నారు. చేతికి కాగితం దొరక్క పొగాకు వేలం కేంద్రం బిల్లు వెనక రాశాను: 11 గంటలకు 300, ఒంటిగంటకు 250, మూడింటికి 400. ఆ చీటీ ఇప్పటికీ ఫైల్లోనే ఉంది. రెండో డోసు తర్వాత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 1.6కి పెరిగింది. మూడోది ఆపేశారు. మొత్తం 200 పడింది కదా, పరవాలేదన్నారు.

30కీ 100కీ మధ్య తేల్చుకోమంటే ఇవాళ కూడా 100 అనే అంటాను. 40 ఇస్తామని ఉంటే మాత్రం అదే అడిగేవాణ్ని. ముఖ్యంగా మన ఎండల్లో, నోరంతా పూసి మంచినీళ్లు కూడా మింగుడుపడని రోజుల్లో, ఒక్కసారే 160 మిల్లీగ్రాములు తట్టుకోవడం కిడ్నీలకు చాలా కష్టం.

కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, అక్కడ కిడ్నీ జబ్బులూ ఎక్కువేనన్న సంగతి తెలిసిందే. క్రియాటినిన్ ముందే ఎక్కువున్నా, వినికిడి తక్కువున్నా సిస్ప్లాటిన్ రెండు పద్ధతుల్లోనూ పనికిరాకపోవచ్చు. అలాంటివాళ్లకు కరెంటుతో పాటు వారానికోసారి డోసిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు ఇచ్చి టాటావాళ్లే చూశారు. రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు కరెంటు ఒక్కటే పెడితే 30.3 శాతం, ఈ మందు కూడా ఇస్తే 42 శాతం. డాక్టర్ ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

ఏ పద్ధతైనా, జ్వరం 100.4 దాటితే కాచుక్కూర్చోవద్దు. తెల్లకణాలు పడిపోయినవాళ్లకు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, గంటల్లో బీపీ పడిపోయి ఐసీయూ దాకా వెళ్తుంది. గంటలోపు యాంటీబయాటిక్ నరానికి ఎక్కాలి. కీమో చెన్నైలో చేయించుకుంటున్నాం కాబట్టి అక్కడికే పోదామని ఒంగోలు నుంచి దాదాపు 300 కిలోమీటర్లు కారులో బయల్దేరితే ఆ గంట దారిలోనే అయిపోతుంది. దగ్గర్లో రాత్రిపూట కూడా క్యాజువాలిటీ నడిచే ఆసుపత్రికి ముందు చేర్చి, కీమో ఫైలు చూపించి, చెన్నైకి ఫోన్ చేయండి. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని తెల్లారేదాకా చూద్దామన్న ఆలోచన అసలే వద్దు.

బాబాయికి ఇప్పటికి జబ్బు ఆనవాళ్లు లేవు. చెవుల్లో మాత్రం రాత్రీ పగలూ ఒక మోత. మొన్న మంచం మీద పక్కనే కూర్చుంటే, "కీచురాళ్లు తెగ అరుస్తున్నాయేందిరా ఇవాళ" అన్నాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం రెండయింది.